కత్తిరించిన ఊపిర్లు

"గంటలో వచ్చేస్తాం, కూర్చోమ్మా" అని రామకోటేశ్వరరావుగారు ఆ హైదరాబాదు అబ్బాయి చక్రిని వెంటబెట్టుకుని భోజనానికి వెళ్ళారు, వెళ్తూ వెళ్తూ గుర్తుపెట్టుకుని మరీ ఏసీ కట్టేశారు. మనిషి చెడ్డవాడు కాదు, కరెంటు దగ్గర మాత్రం పిల్లికి బిచ్చం పెట్టడు. గది మధ్యలో కెమెరా మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది, దాని ఎదురుగా ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీ వెనక గోడకు నీలం గుడ్డ. వాళ్ళు తిరిగొచ్చాక జ్యోతిర్మయి ఆ కుర్చీలో కూర్చోవాలి, కెమెరా వైపు చూసి ఒక్క ముక్క చెప్పాలి: ఈ సినిమా పాటలో వినపడేది నా గొంతే, రావుగారి స్టూడియో కోసం నేను చెప్పిన ప్రకటనలోదే, ఫిలిప్ అనే అతనికి దీనిమీద ఏ హక్కూ లేదు. అంతే. ఆ ముక్క చాలు, ఆ సినిమా పాటలు అమ్మే చక్రి వాళ్ళ కంపెనీకి. పాట మాదంటే మాదని ఫిలిప్ మీద ఇప్పటికే ఫిర్యాదులు పెట్టారు, ఇదొక్కటి జతచేస్తే సాయంత్రానికల్లా ఇంటర్నెట్టులో అతని ఛానల్ ఉండదు, ఆ ఛానల్లో ఇన్నేళ్ళుగా అతను రోజుకొకటి చొప్పున పోసిన బీట్లు, పాటకు కింద మోగే ఆ తాళాలు, ఏవీ ఉండవు. జ్యోతిర్మయి ఎర్ర కుర్చీ జోలికి పోలేదు. కిటికీ పక్కన బల్లమీద కూర్చుని, చెప్పులు వదిలేసి, ఫోను తీసింది.

చెప్తే తప్పేముందని పొద్దున హాస్టల్ నుంచి ఆటోలో వస్తున్నంతసేపూ అనుకుంటూనే ఉంది. గొంతు నాది కాదా, నాదే. స్టూడియో కోసం చెప్పలేదా, చెప్పాను. ఫిలిప్ నన్ను అడిగి తీసుకున్నాడా, లేదు. మరి ఇంకేం? పైగా చెప్తే సినిమా పాట కింద గానం జ్యోతిర్మయి అని పేరు పడుతుంది, తర్వాతి సినిమాలో ఒక పాట మొత్తం ఇస్తామన్నారు. పేరు! విజయవాడ నుంచి అటు అవనిగడ్డ దాకా, ఇటు నూజివీడు దాకా ఆమె గొంతు తిరగని వీధి లేదు. ఉల్లిపాయల ఆటోలో ఆమే, పాత ఇనుము కొంటాం అనేది ఆమే, దోమతెరలు, పరుపులు, కొత్తగా తెరిచిన కళ్ళజోళ్ళ షాపు, మీ పిల్లల్ని మా బళ్ళో చేర్పించండి, అన్నీ ఆమే. జనం పొద్దున్నే ఆ గొంతు విని విసుక్కుంటారు, విసుక్కుంటూనే సంచీ పట్టుకుని బయటికొస్తారు. అంత గొంతుకీ ఎక్కడో ఒక మొహం ఉంటుందని మాత్రం ఎవరికీ తోచదు. పెడనలో వాళ్ళమ్మ చౌడేశ్వరమ్మ ఒకసారి ఉల్లిపాయల ఆటో అతనితో బేరమాడుతూ, "ఆ మాట్లాడేది మా అమ్మాయే బాబూ, కాస్త చూసి వెయ్యి" అందట. అతను మైకు వైపు చూసి, ఆవిడ వైపు చూసి, "అది కంప్యూటర్ గొంతమ్మా, అందులో మనుషులెవరూ ఉండరు" అన్నాడట. అమ్మ ఫోనులో నవ్వుతూనే చెప్పింది. జ్యోతిర్మయికి ఆ పూట అన్నం సహించలేదు. కాబట్టి పేరంటే ఆమెకు ఆశ ఉంది, ఉంటే తప్పా? "మీ గొంతులో మట్టి ఉంది మేడమ్, ఆడియన్స్‌కి కావాల్సింది అదే" అన్నాడు చక్రి ఇందాక. మట్టి ఉంటే కడుక్కోవాలి గానీ అమ్ముకుంటారా అని నోటిదాకా వచ్చింది, మింగేసింది. నోటిదాకా వచ్చింది మింగెయ్యడం ఈ స్టూడియోలో మొదటగా నేర్చుకున్న విద్య.

ఫిలిప్‌కు ఫోను చేసింది. ఎత్తలేదు. ఎత్తడు. ఇబ్రహీంపట్నంలో వాళ్ళింట్లో రిపేరుకొచ్చిన ఆంప్లిఫయర్ల మధ్య చెవులకు డిప్పలు తగిలించుకుని కూర్చుని ఉంటాడు, కృష్ణ పొంగి ఇంట్లోకొచ్చినా నీళ్ళు చెవుల దాకా వస్తే తప్ప వాడికి తెలియదు. వాళ్ళ నాన్న థర్మల్ స్టేషన్లో కాంట్రాక్టు పనికి పోయి పోయి నడుం పోగొట్టుకున్న మనిషి, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించే కొడుకు ఎప్పటికైనా పాస్టర్ అవుతాడనుకున్నాడు. కొడుకేమో "బూడిద" అని పేరు పెట్టుకుని రాప్ పాటలకు బీట్లు కడతాడు. కృష్ణలంక కుర్రాళ్ళు, గుడివాడ కుర్రాళ్ళు, మొహాలు తెలియని ఇంకెవరెవరో ఆ బీట్లు ఊరికే తీసుకుని వాటిమీద ఎవరి కోపం వాళ్ళు పాడుకుంటారు. ఒక్కటీ అమ్మలేదు. "అమ్మితే వాడికి నచ్చినట్టు చెయ్యాలి జ్యోతీ, ఊరికే ఇస్తే నాకు నచ్చినట్టు చేస్తా" అనేవాడు ఇదే స్టూడియోలో పనిచేసిన రోజుల్లో, ఆమె చెప్పిన ప్రకటనలు కంప్యూటర్లో సరిచేస్తూ. ఎంత పొగరో. ఆ పొగరు చూసి అప్పట్లో ముచ్చటపడిన మాట నిజం, ఇప్పుడు అదే పొగరు కడుపులో మంట. ఎందుకంటే ఆమధ్య హనుమాన్ జంక్షన్లో ఏలూరు బస్సు ఆగినప్పుడు, పక్కన పండ్ల కొట్లో కొత్త సినిమా పాట మోగుతుంటే, ఆ పాటలో తన గొంతు తనకే వినపడింది. "రా... రా..." అని. ఉల్లిపాయలకు రమ్మని పిలిచిన రా అది, రావమ్మా రా అని. అమ్మా కోసేశారు, రా మిగిల్చారు. బస్సులో వెనక సీటు మనిషెవడో ఈల వేసి, రా అన్నాడు తనూ. 

తన గొంతును అలా కోసి అతికించడం తెలిసినవాడు వాడొక్కడే. అక్కడికక్కడే బస్సు దిగి ఫిలిప్‌కు ఫోను చేసింది, ఆరోజు ఎత్తాడు.

"నా గొంతు నువ్వెప్పుడు తీసుకున్నావు ఫిలిప్?"

"వాళ్ళు నా బీటు ఎత్తేశారు జ్యోతీ. నేనివ్వలేదు."

"నేనడిగింది అది కాదు. నీ బీట్లోకి నేనెట్టా వచ్చాను?"

 "రావుగారు పారెయ్యమన్నవే తీసుకున్నా" అన్నాడు.

"నేను పారెయ్యమన్నానా?"

ఫోను పెట్టేశాడు, ఆ తర్వాత మళ్ళీ ఎత్తలేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు, ఇక్కడ సొమ్ము ఆమెది, సోకు వీడిది, వీడి సోకుమీద ఇంకొకడి ఊరేగింపు. ఆ మంట మీదే కదా రావుగారు పిలవగానే వస్తానంది. చెప్తా, కెమెరా ముందు కూర్చుని చెప్తా, పోతే పోనీ వాడి బీట్లన్నీ, నన్నడగనివాడికి నేనెందుకు అడ్డుపడాలి. అనుకుంది గానీ, తీరా గంటసేపు ఖాళీ చేతిలో పడ్డాక ఒకటి తోచింది. ఉరి వేసే ముందు ముద్దాయి మొహమైనా చూడాలి కదా. వాడి బీట్లు అక్కడొకటి ఇక్కడొకటి విన్నదే తప్ప ఎప్పుడూ కూర్చుని విన్నది లేదు. ఇయర్‌ఫోన్స్ చెవుల్లో పెట్టుకుని వాడి ఛానల్ తెరిచింది.

ఎక్కడ మొదలుపెట్టాలి? వేలితో పైకి తోస్తుంటే తెర జారుతూనే ఉంది, అడుగు తగలడం లేదు. ఒక్క మనిషి ఇంత చేశాడంటే నమ్మబుద్ధి కావడం లేదు. పండగ లేదు, జ్వరం లేదు, వాళ్ళ అక్క పెళ్ళి రోజున కూడా ఒకటి పెట్టాడు. కొన్నిటిని వినేవాళ్ళు వేలల్లో ఉన్నారు, కొన్నిటిని పెట్టినవాడు తప్ప పురుగు కూడా విన్నట్టు లేదు, అయినా మర్నాడు ఇంకోటి. ఎవరికోసమట? ప్రతిదానికీ పేరు ఒక్కటే తీరు, ఆ చప్పుడు ఎక్కడ దొరికిందో ఆ చోటి పేరు. "ఇబ్రహీంపట్నం రింగ్" నొక్కింది: మలుపు తిరిగే లారీల హారన్లు, వాటిని సాగదీసి సాగదీసి కింది స్థాయికి దించి నేలలోంచి వచ్చే మూలుగులా చేశాడు, దానిమీద డ్రమ్ము, పడాల్సిన చోట పడకుండా రవ్వంత ఆలస్యంగా, నీకోసం నేను తొందరపడను పో అన్నట్టు. తర్వాత "హనుమాన్ జంక్షన్": ఏలూరేలూరేలూరు అనే కండక్టర్ అరుపు ముక్కలు ముక్కలై, ఆ ముక్కలే తాళమై. ఆమె కాలు దానంతట అదే బల్లకు తగులుతోంది. కాలిని ఆపింది. కోపంగా ఉన్నప్పుడు తాళం వెయ్యకూడదు. తర్వాత "లాకుల దగ్గర": కాలవలోకి నీళ్ళు వదిలిన చప్పుడు, పెడన కాలవ గుర్తొచ్చింది, అందులో అమ్మ నూలు రంగు కడిగితే చాలా దూరం దాకా నీళ్ళు ఎర్రగా పోయేవి, ఆ ఎరుపు ఎక్కడ ఆగుతుందో చూద్దామని గట్టు వెంట తను పరుగెత్తి దెబ్బలు తిన్నది. తర్వాతది పక్కింటాయన తిట్లు, పేరు "మా గోడ అవతల". సౌండు తగ్గించు, నీకు బుద్ధుందా, కొంపలో పిల్లలు చదువుకోవద్దా అని ఆయన తిడుతుంటే ఆ తిట్లనే పట్టుకుని, తగ్గించు తగ్గించు అన్న మాటమీదే చప్పుడు పెంచుకుంటూ పోయాడు. నవ్వొచ్చింది. ఈ గదిలో ఒక్కతే కూర్చుని నవ్వింది, నవ్వి, వెంటనే నోరు మూసుకుంది, నవ్వుతో పాటు ఊపిరి కూడా బిగబట్టింది.

ఈ బిగబట్టడం కూడా ఇక్కడి విద్యే. పక్కనున్న స్టోర్‌రూమే రికార్డింగ్ గది, ఒక చిన్న అద్దం తప్ప గోడల నిండా పాత దూది పరుపులు కొట్టి ఉంటాయి, తలుపు మూశాక ఫ్యాను వెయ్యకూడదు. మొదటిరోజే రావుగారు చెప్పారు: "ఊపిరి వినపడకూడదమ్మాయ్. ఆటో మీద గొట్టం మైకులో ఊపిరి పాము బుస కొట్టినట్టుంటది, ఆడవాళ్ళు జడుసుకుంటారు." ఊపిరి తీసుకోకుండా ఉల్లిపాయల గురించి అంత పొడుగు చెప్పడం మనిషివల్ల అవుతుందా? కాదు. అందుకని ఆమె మనిషిలాగే చెప్పేది, ఫిలిప్ కంప్యూటర్ ముందు కూర్చుని ఊపిర్లు కత్తిరించేవాడు. తెరమీద మాటలు గుట్టలు గుట్టలుగా కనపడేవి, గుట్టకూ గుట్టకూ మధ్య సన్నగా గడ్డి మొలిచినట్టు ఊపిరి. ఆ గడ్డిని చెక్కేసేవాడు, మిగిలింది దగ్గరకు లాగి అతికించేవాడు. అలా తయారైన ఆడమనిషి డెల్టా అంతా తిరుగుతూ ఒక్కసారి కూడా ఊపిరి పీల్చకుండా మాట్లాడుతూ ఉంటుంది. ఆ ఆటో అతను అందులో మనుషులెవరూ లేరన్నాడంటే అన్నాడు మరి, అతని తప్పేముంది. ఆమెకే ఒక దశలో అలవాటు ముదిరి హాస్టల్లో పక్క మంచం పిల్లతో మాట్లాడేటప్పుడు కూడా ఊపిరి మొహం తిప్పుకుని తీసుకునేది, తుమ్మొచ్చినప్పుడు తిప్పుకున్నట్టు. ఎవరికీ అడ్డు లేకుండా, చప్పుడు లేకుండా, ఉన్నట్టూ లేనట్టూ. తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది, ఊపిరి తీసుకోవడానికి కూడా సిగ్గుపడిన ఆ పిల్లను చూసి.

తెర జారుతోంది. గవర్నర్‌పేట, బందరు రోడ్డు, మళ్ళీ గవర్నర్‌పేట, కొండపల్లి, పెడన. వేలు ఆగింది. దాని కింద మళ్ళీ పెడన. ఇంకా కిందికి పోతే మధ్య మధ్యలో పెడన, పెడన, బియ్యంలో వడ్లగింజల్లా. వీడు పెడన ఎప్పుడెళ్ళాడు? వెళ్ళలేదే. మగ్గాల చప్పుడు వినాలి, తీసుకెళ్ళు అని అడిగాడొకసారి, సరేనంటే అమ్మ పప్పుచెక్కలు కూడా చేసింది, ఆరోజు ఏదో ఆంప్లిఫయర్ పేలిందని రాలేదు. ఎవరో తీసిన మగ్గాల వీడియో ఏదన్నా ఎత్తుకొచ్చాడేమో అనుకుని నొక్కింది. మగ్గం లేదు. మొదట ఏమీ లేదు. తర్వాత ఎవరో ఊపిరి తీసుకున్నారు. ఆ ఊపిరి ఆగిన చోట డ్రమ్ము పడింది. మళ్ళీ ఊపిరి, మళ్ళీ డ్రమ్ము, ఊపిరిని ముందు పోనిచ్చి వెనకాల నడుస్తున్నట్టు. రెండోసారికే ఆమెకు తెలిసిపోయింది. ముక్కు దిబ్బడతో కొంచెం గీరుకుపోతున్నట్టున్న ఆ ఊపిరి తనది, జలుబుతో వచ్చి బడి ప్రకటన చదివిన రోజుది. ఇంకో పెడన నొక్కింది. అదీ తనదే, బస్సు పాడై మెట్లన్నీ పరుగెత్తుకుంటూ ఎక్కి వచ్చిన రోజుది. ఇంకోటి, నల్లుల మందు ప్రకటనలో నవ్వు ఆపుకోలేక చచ్చిన రోజుది, ఆ ఆపుకున్న నవ్వు చుట్టూ చిన్న గంట లాంటిదేదో మోగించాడు, ఎంత బాగుందో. రావుగారు పారెయ్యమన్న ఊపిర్లు. ఒక్కటీ పారెయ్యలేదు వీడు. అన్నీ మూటగట్టుకుని ఇంటికి తీసుకుపోయి, మిగతావాటికి పెట్టినట్టే చోటి పేరు పెట్టుకున్నాడు. దొరికింది గవర్నర్‌పేటలో, ఈ పక్క గదిలో. పెట్టింది మాత్రం పెడన, ఆ ఊపిరి పుట్టిన ఊరు. ఊరు పెట్టాడు, పేరు పెట్టలేదు, వెధవ. అనుకుంది గానీ కళ్ళు నిండాయి, తుడుచుకోవడానికి చున్నీ చివర వెతుక్కుంది.

ఆ తర్వాతి పెడన మిగతావాటికంటే మెల్లగా ఉంది. అందులో ఒక్కటే ఊపిరి. లోపలికి పోతూ మధ్యలో ఒకసారి వణికి, ఆగి, మళ్ళీ పోతుంది. జ్యోతిర్మయి బల్లమీంచి దిగి నిలబడింది. ఇది ఏరోజుదో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ వారమే నాన్న వీరభద్రయ్య మగ్గం విప్పేసి, కాళ్ళు పెట్టుకునే గుంట మట్టితో పూడ్చి పైన సిమెంటు చేయించాడు. తాత తవ్విన గుంట. నేల మిగతా చోట నల్లగా, ఆ నలుచదరం మాత్రం తెల్లగా, అమ్మ దానిమీద చాప పరిచినా తొక్కేది కాదు, చుట్టు తిరిగి వెళ్ళేది. నాన్న బందరులో బట్టల షాపులో చీరలు మడతపెట్టే పనికి కుదిరాడు. ఇక్కడ రావుగారు ఆమె చేతికిచ్చిన కాగితంలో ఉన్నది: రండమ్మా రండి, అసలైన చేనేత చీరలు, నేతన్నల ఇంటి నుంచి నేరుగా మీ ఇంటికి, నమ్మలేనంత తక్కువ ధరకు. ఆమె చదివింది. ఎందుకు చదవదు, అది పని. నేతన్నల ఇంటి నుంచి దాకా బాగానే వచ్చింది, నమ్మలేనంత అనబోయే ముందు ఊపిరి ఇలా వణికింది. రావుగారు అద్దం అవతల నుంచి, "భలే వచ్చిందమ్మాయ్! ఆ ఊపిరొకటి తీసెయ్ ఫిలిప్" అన్నారు. తీసేశాడు. ఆ ఆటో పెడనలో కూడా తిరిగింది, మా వీధిలో మా ఇంటి ముందు నుంచే, నాన్న ఇంట్లో ఉన్న ఆదివారమే. సాయంత్రం ఫోనులో, "గొంతు బాగుందమ్మా" అన్నాడు నాన్న, అంతే. ఆయన విన్నది సంబరంగా చీరలు అమ్మే కూతుర్ని. ఆ ఒక్క ఊపిరి ఉంచి ఉంటే, ఎంత పాము బుసలా అయినా సరే ఉంచి ఉంటే, నా కూతురు ఆ మాట ఏడుపు దిగమింగుకుని చెప్పిందని ఆయనకు తెలిసేది. ఎవరికీ తెలియలేదు. తెలిసినవాడు ఒక్కడే, కత్తిరించినవాడు, ఆ సాయంత్రం ఇబ్రహీంపట్నంలో కూర్చుని దాన్ని మళ్ళీ మళ్ళీ విని, దాని వణుకు చెడకుండా దాని కింద ఒక మంద్రస్వరం పరిచి, దానిమీద ఎవరూ ఏ పాటా పాడకుండా అలాగే వదిలేసినవాడు.

అప్పుడు ఆమెకు ఒక అనుమానం వచ్చింది. వద్దు, చూడొద్దు అనుకుంటూనే ఆ సినిమా పాట పెట్టింది. రా రా అన్న పిలుపు వెనక, డప్పుల వెనక, పాట మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా ఒక రొప్పు ఉంది, హుఁ హుఁ హుఁ అని. తెరమీద ఆ రొప్పుకు తగ్గట్టు ఒక అమ్మాయి నడుం ఊపుతుంది, చుట్టూ మగాళ్ళు. ఇన్నాళ్ళూ రా ఒక్కటే విని ఊరుకుంది, రొప్పు ఎవరిదో పట్టించుకోలేదు. అదే ఊపిరి. ఫిలిప్ మెల్లగా ఉంచినదాన్ని వీళ్ళు జోరు పెంచేశారు, పెంచితే వణుకు కాస్తా వగరుపు అయింది. నాన్న మగ్గం గుంట పూడ్చిన వారం తను దిగమింగిన ఏడుపుకు ఊరూరా జనం ఈలలు వేస్తున్నారు. దానికింద గానం జ్యోతిర్మయి అని పేరు వేస్తారట. వెయ్యండి, వేసి బందరులో మా నాన్నకు కూడా వినిపించండి.  ఆమెలో లేచినదాన్ని కోపమంటే చాలదు, చాలాకాలంగా వంగి ఉన్న నడుం ఎవరో తట్టినట్టు నిటారు కావడం అది.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని మనసు ఒక మూల నుంచి గొణిగింది, ఫిలిప్పే పట్టించుకోవడం లేదు, ఫోను కూడా ఎత్తడు, నీకెందుకు? నాకెందుకంటే ఆ కంద నేనే కనక. వాడితో నా తగువు వాడితో, నన్నడగకుండా ముట్టుకున్నందుకు ఇబ్రహీంపట్నం వెళ్ళి నలుగురిలో నిలదీస్తాను, వాళ్ళ నాన్న ముందే నిలదీస్తాను. అది మా ఇద్దరి మధ్య సంగతి. దాన్ని అడ్డంపెట్టుకుని మధ్యలో వీళ్ళు ఇల్లు దోచుకుంటామంటే తలుపు తీసి దీపం కూడా పట్టమంటారా? ఛానల్ పోతే ఏం పోతుంది? లారీలు పోతాయి, లాకులు పోతాయి, పక్కింటాయన తిట్లు పోతాయి, పెడన పోతుంది. నేను మనిషినని చెప్పడానికి ఈ భూమ్మీద ఉన్న సాక్ష్యం అదొక్కటే, దాన్ని నా నోటితో నేనే తుడిచెయ్యాలి, ప్రతిఫలంగా నా పేరు నాకు దానం చేస్తారు. అబ్బో, ఎంత దయ. మెట్లమీద రావుగారి దగ్గు వినపడింది. ఆమె ఇయర్‌ఫోన్స్ తీసి, జుట్టు ముడివేసుకుని, ఎర్ర కుర్చీని కాలితో పక్కకు జరిపి, దాని స్థానంలో నిలబడింది.

"అదేంటమ్మాయ్, కూర్చో" అన్నారు రావుగారు సోంపు నములుతూ.

"నిలబడే చెప్తానండీ."

"స్టాండింగే బెటర్ సార్, ఎనర్జీ ఉంటది" అని చక్రి కెమెరా సర్దాడు. "మేడమ్, మనం అనుకున్న ముక్కే. సింపుల్‌గా. చెప్పండి."

జ్యోతిర్మయి ఊపిరి తీసుకుంది. బయటికి వినపడేలా, ఛాతీ నిండా. రావుగారి మొహం అలవాటుగా చిట్లింది.

"నా పేరు జ్యోతిర్మయి. మాది పెడన. మా నాన్నగారు వీరభద్రయ్య, నేతపని చేసేవారు. ఆటోల్లో మీరు వినే గొంతు నాది. ఆ ప్రకటనలు రావుగారివి, ఆయన జీతం ఇచ్చారు, నేను చెప్పాను, వాటికి నాకేం పేచీ లేదు. ఈ సినిమా పాటలో రా రా అన్న పిలుపు ఆ ప్రకటనలోదే, వెనక రొప్పుతున్నట్టు వినపడేది మాత్రం ప్రకటన కాదు. అది నా ఊపిరి. రావుగారు వద్దని పారేయించినది. ఆయన ప్రకటనల్లో నా ఊపిరి ఎక్కడా ఉండదు, ఏ ఆటో దగ్గరికైనా వెళ్ళి వినండి. పారేసినదాన్ని దాచుకున్నవాడు ఫిలిప్, దాంతో బీటు కట్టినవాడు ఫిలిప్. ఈ కంపెనీ వాళ్ళు దాన్ని ఎత్తుకొచ్చి..."

"కట్, కట్" అన్నాడు చక్రి. కెమెరా మీద ఎర్ర చుక్క ఆరిపోయింది.

"నీకేం పోయేకాలం వచ్చిందమ్మాయ్?" రావుగారి గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువుంది. "బంగారం లాంటి అవకాశం. రేపట్నుంచి ఆటోల్లో గొంతు మార్పించేస్తా, ఏమనుకుంటున్నావో. నిజంగానే కంప్యూటర్‌తో చెప్పిస్తా. దానికి ఊపిరీ అక్కర్లా, జీతమూ అక్కర్లా."

"మార్పించండి సార్."

"మీరు చెప్పకపోతే మాకు వేరే దారులుంటాయి మేడమ్" అన్నాడు చక్రి కెమెరా విప్పుతూ. ఎవరూ దొంగ అనకుండానే భుజాలు తడుముకునే రకం. "ఇవాళ కాకపోతే వచ్చే వారం. ఆ ఛానల్ ఉండదు."

"తీసెయ్యండి. మళ్ళీ చేస్తాడు. వాడికి చెయ్యకుండా ఉండటం రాదు. ఈసారి ఊపిరి నేనే ఇస్తాను. అడిగించుకుని మరీ ఇస్తాను, పేరు పెట్టించుకుని మరీ ఇస్తాను. ఎన్నని తీస్తారో నేనూ చూస్తాను."

కెమెరా ఆపేశాక చెప్పిన మాటకు విలువ లేదని చక్రి మొహంలో రాసి ఉంది, ఆ చిన్న నవ్వు చూస్తే తెలుస్తోంది. ఆమె ఆ నవ్వు చూసింది. సగంలో కోసేశారు, ఎప్పట్లాగే. మాటలో సగం ఉంచుకుని సగం పారేశారు. ఉల్లిపాయల కోసం, దోమతెరల కోసం, ఎవరెవరి చీరల కోసమో ఇన్నేళ్ళు ఊరంతా వినపడేలా అరిచిన మనిషికి, తన మాట చెప్పుకోవడానికి వీడి కెమెరా కావాలా? ఏసీ గదని ఎప్పుడూ తియ్యని కిటికీ అది. రెక్క బిగుసుకుపోయి ఉంది. అరచేత్తో రెండు దెబ్బలు వేసింది, మూడో దెబ్బకు తెరుచుకుంది. ఎండ, పెట్రోలు వాసన, కింద గవర్నర్‌పేట.

"అమ్మాయ్, ఏం చేస్తున్నావ్!"

తల బయటపెట్టి, ఊపిరి తీసుకుని, మొదటి నుంచి మొదలుపెట్టింది. నా పేరు జ్యోతిర్మయి. మాది పెడన. మైకు లేదు, గొట్టం లేదు, వట్టి గొంతు, డెల్టా అంతటికీ తెలిసిన గొంతు. స్విచ్చుల కొట్టు ముందు బేరం ఆగింది. టీ బండి దగ్గర ఒకామె సంచీ సవరించుకుంది. జనం అందరూ ఒక్కసారి రోడ్డు ఆ చివరకూ ఈ చివరకూ చూశారు, ఉల్లిపాయల ఆటో ఎటునుంచి వస్తోందా అని. ఆటో లేదు. గొంతు మాత్రం వస్తూనే ఉంది, మాటకూ మాటకూ మధ్య ఎవరో బతికున్న మనిషి రొప్పు కూడా వస్తోంది. అప్పుడు ఒక్కొక్కళ్ళే తలలు పైకెత్తారు.

"ఏమ్మా, రోజూ ఆటోలో మాట్లాడేది నువ్వా?" కిందనుంచి ఆ సంచీ పట్టుకున్నామె, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని.

"నేనేనండీ" అంది జ్యోతిర్మయి. "ఇంకా చెప్పాల్సింది ఉంది, ఆగండి."

చప్పుడయ్యేలా ఊపిరి పీల్చుకుని, ఇందాక కోసేసిన చోటి నుంచి మిగతాది చెప్పింది.